మా ఆవిడ చెప్పిన ఇంగ్లీషు సినిమా

నాకు అనుమానం ఎక్కువ. నన్నెరిగినవాళ్ళు నా వెనకాల అనుకునే మాటే కాబట్టి నేనే ముందుగా ఒప్పేసుకుంటున్నాను. మా బరంపురం గేట్ బజార్‌లో బట్టల కొట్టువాడు పంచె కొలుస్తుంటే వాడి గజం బద్ద రెండు కొసలూ చేత్తో తడిమి చూసేవాణ్ణి. అరిగిందో, అరగదీశాడో తెలియాలి కదా. ఆఫీసు నుంచి బయల్దేరేముందు నా బల్ల మీది కాగితాల కట్టపైన గుండుసూదిని ఒక వాలులో పెట్టి వచ్చేవాణ్ణి. మర్నాడు ఆ వాలు చూసుకున్నాకే కుర్చీలో కూర్చోవడం. ఒక్కనాడూ ఆ సూది కదల్లేదు. కదలకపోవడం మీద కూడా నాకు అనుమానమే. ఎవరో తీసి, కాగితాలు చదివి, మళ్ళీ అదే వాలులో పెట్టి ఉంటారనుకునేవాణ్ణి.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కట్టుకున్న భార్యను అనుమానించడం మాత్రం నవ్వుకునే సంగతి కాదు. ఆ పనీ చేశాను.

అప్పటికి మాకు పెళ్ళై నాలుగేళ్ళు. అరవైల చివరి రోజులు. ఒరిస్సాలో ఉన్న బరంపురంలో, లంజిపల్లి పేటలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాది సర్కారు ఆఫీసులో గుమస్తా పని. ఫైళ్ళలో ఒడియా, పై అధికారులకు రాసేటప్పుడు ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మా ఆవిడది ఆ దగ్గర్లోని కొడల. బడిపంతులుగారి అమ్మాయి. తెలుగు, ఒడియా రెండూ గడగడా చదివేది. ఇంగ్లీషు ఎంతవరకు వచ్చో నేనెప్పుడూ అడగలేదు. ఎక్కడికి వెళ్ళావు, ఎవరితో మాట్లాడావు అని అడగడంలోనే నాకు రోజు గడిచిపోయేది.

అంతకు రెండేళ్ళ ముందు ఒక తెలుగు వారపత్రికలో ఇంగ్లీషు నవల ఒకటి తెలుగు చేసి సీరియల్‌గా వేసేవాళ్ళు. యాపిల్ తోటల మధ్య ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంట్లో ఒంటరి దొర. ఊళ్ళో గడియారాలు బాగుచేసే ముసలాయన కూతురు ఆ ఇంటి గడియారాలకు కీ ఇవ్వడానికి వచ్చి, ఆ దొరను ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది. మా వీధి మొత్తానికి ఆ పత్రిక ఒకే కాపీ. పోస్టాఫీసు గుమస్తా తెప్పించేవాడు. ఆయన భార్య చదివాక అది మా ఇంటికి వచ్చేది. ఎదురింటి ఒడియా ఆవిడకు తెలుగు చదవడం రాదు. వీధంతా ఆవిణ్ణి మావుసి అని పిలిచేది, అంటే పిన్ని. మా ఆవిడ వాళ్ళ వసారాలో కూర్చుని ఆ వారం భాగమంతా ఆవిడకు ఒడియాలో చెప్పేది. మావుసి బియ్యం చేటలో చెయ్యి అలాగే ఆపేసి, "తాపరె? తాపరె?" అని ఆ తర్వాతేమైందో తొందరపెట్టేది.

పెళ్ళయ్యేదాకా కథ సాఫీగా నడిచింది. పెళ్ళయ్యాక దొర ముభావంగా తయారయ్యాడు. సరిగ్గా అక్కడ వానలకు రైలుకట్ట తెగి, పత్రిక రావడం ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి ఆ సీరియల్ అయిపోయి ఇంకోటి మొదలైంది. దొర ఎందుకలా మారాడో, ఆ పిల్ల గతేమైందో మా వీధి ఆడవాళ్ళెవరికీ తెలియలేదు. చాలా రోజులు దానిమీదే చర్చలు. మా ఇంటి గోడ పక్కన ఎవరి గురించో గుసగుసలాడుతుంటే, ఎవరా అని చెవులు రిక్కించి వింటే, చివరికి ఆ దొర గురించే.

రెండేళ్ళు గడిచాక, హాలీవుడ్డువాళ్ళు ఏనాడో ఆ నవలనుంచి తీసిన సినిమా మా ఊరొచ్చింది. నలుపూ తెలుపూ బొమ్మ. బరంపురంలో ఇంగ్లీషు సినిమాలు ఆదివారం మార్నింగ్ షోకే ఆడేవి. కాలేజీ కుర్రాళ్ళు, రైల్వే ఆఫీసర్లు వెళ్ళేవాళ్ళు. లేడీస్ క్లాసు బెంచీలు ఖాళీగా ఉండేవి. ఈ సినిమాకు ఆ బెంచీలు నిండిపోయాయి. మా వీధి ఆడవాళ్ళు వెళ్ళి, వాళ్ళ చుట్టాలకు చెప్పి, పై ఆదివారం వాళ్ళనూ తీసుకెళ్ళారు. హాలువాడు ఒక్క ఆదివారానికని తెచ్చిన బొమ్మను వారం వారం పొడిగించాడు.

ఆ సినిమా మీద వాళ్ళకున్న ప్రేమ చూస్తే నాకు ఒళ్ళు మండేది. పోస్టాఫీసు గుమస్తా భార్య గేట్ బజార్ దర్జీ దగ్గర కూర్చుని ఆ పిల్ల వేసుకున్న ఉబ్బు చేతుల జాకెట్టు కుట్టించుకుంది. మావుసి ఆదివారం పూజ గబగబా ముగించి, హారతి ఆరకముందే చెప్పులేసుకునేది. హాలువాళ్ళు పంచిన కరపత్రంలోంచి దొర బొమ్మ కత్తిరించి ఎవరో వంటింటి గోడకు అంటించుకున్నారని కూడా విన్నాను. "మన దొర" అనేవాళ్ళు. ఇంటల్లుడి గురించి మాట్లాడుకున్నట్టే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం వీధి వీధంతా ఆడవాళ్ళ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉండేవి.

మొదటి రెండు ఆదివారాలూ నేనేమీ అనలేదు. మూడోసారి మా ఆవిడ చీర మార్చుకుంటుంటే ఆగలేకపోయాను.

"సూసిన సినిమాయే మళ్ళీ ఏటి? ఏటుందందులో?"

"ఎన్నిసార్లు సూసినా తనివి తీరదండి," అంది. మొహంలో అంత వెలుగు మా పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

ఆ వెలుగే నాకు నిద్ర లేకుండా చేసింది. ఇక గమనించడం మొదలుపెట్టాను. సినిమాకు వెళ్ళేటప్పుడు కొంగు చివర పటికబెల్లం, లవంగాలు ముడేసుకునేది. తిరిగొచ్చేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉండేది.

"గొంతేటి అలాగైపోనాది?"

"సల్లగాలి తగిలినట్టున్నాది."

చీకట్లో కూర్చుని బొమ్మ చూసే మనిషికి గొంతెందుకు పోతుంది? మూడు గంటలపాటు ఎవరితోనో మాట్లాడితే తప్ప పోదు. ఎవరితో? పైగా ఆవేళ ఆవిడ చెప్పులకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. "నీ సెప్పులకి ఎర్రమట్టి ఎలాగొచ్చింది? హాలు కాడ మట్టి నల్లది కదా?" అనడిగాను. "దారిలో రోడ్డేస్తన్నారండి," అంది. సాయంత్రం వెళ్ళి చూసొచ్చాను. నిజంగానే రోడ్డు వేస్తున్నారు. అయినా నా మనసు కుదుటపడలేదు.

తర్వాత వంటింట్లో మాటలు వినపడసాగాయి. పొయ్యి దగ్గర ఒక్కతే ఉండి, చిన్న గొంతుతో ఎవరినో బతిమాలినట్టు, ఎవరి మీదో కోప్పడినట్టు. నేను గుమ్మంలోకి రాగానే ఆగిపోయేది. "ఎవరితో?" అంటే "ఎవరూ లేరండి" అనేది. ఎవరూ లేరని నాకూ కనిపిస్తూనే ఉంది.

ఒకరోజు ఆవిడ నీళ్ళకు వెళ్ళినప్పుడు వంటింటి అలమార వెతికాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇంగువ డబ్బా కింద మడతపెట్టిన కాగితం దొరికింది. ఆవిడ చేతిరాతే. "మీరు అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాను. మీరు ఒక్కటీ నమ్మలేదు. ఇక నా దగ్గర జవాబులు మిగల్లేదు. నేను వెళ్ళిపోతున్నాను."

రెండుసార్లు చదివాను. పేరు లేదు, తేదీ లేదు. కాగితాన్ని ఏ మడత ఆ మడతగా, ఏ వాలులో ఉందో అదే వాలులో డబ్బా కింద పెట్టేశాను. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు.

ఆవిడ వెళ్ళిపోతోంది. ఎప్పుడు, ఎవరితో, అదొక్కటే తెలియాలి. అడగడానికి లేదు. అడిగితే అలమార వెతికానని తెలిసిపోతుంది. ఆ వారమంతా కోపం కంటే భయమే ఎక్కువగా ఉండేది. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మా తలుపుకు తాళం కనిపిస్తుందేమోనని వీధి మలుపులోనే ఆగి తొంగి చూసేవాణ్ణి.

ఆదివారం ఆవిడ ఆడవాళ్ళ గుంపుతో బయల్దేరింది. పావుగంట ఆగి నేనూ బయల్దేరాను. బొమ్మ మొదలయ్యాక టిక్కెట్టు కొని, తల వంచుకుని లోపలికి దూరాను. ఆ హాల్లో లేడీస్ క్లాసు ఎడమ పక్కన ఉండేది. మగవాళ్ళకూ వాళ్ళకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ, దాని మీద నల్ల తెర. లైట్లు ఆర్పగానే తెర లాగేసేవాళ్ళు. నేను ఆ గోడకు ఆనుకుని ఉన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. అవతలి పక్కన మగగొంతు వినబడితే తెర చించేద్దామన్నంత ఉడుకుగా ఉంది.

వినబడింది మా ఆవిడ గొంతే. కానీ గుసగుసలు కావు.

"ఇదిగో, దొర మేడ దిగుతున్నాడు. సూడండి, ఆ మొహం సూడండి. ఇప్పుడడుగుతాడు. ఎక్కడికెల్లొచ్చావు? దారిలో ఎవరు కనబడ్డారు? గేటు కాడ్నించి ఇంటికి రావడానికి అంతసేపు పడతాదేటి?"

"అమ్మో, ఏం మనిసమ్మా!" అని నాలుగు గొంతులు.

వెంటనే అదే మాట ఒడియాలో. మళ్ళీ తెర మీద ఆ పిల్ల పెదాలు కదిలితే, "ఏటీ లేదండి, దారిలో పిన్ని కనబడితే మాటాడినాను" అని ఆ పిల్ల తరఫున మా ఆవిడే. దొర గొంతు గంభీరంగా, పిల్ల గొంతు సన్నగా. ఒకే నోరు, ఇద్దరు మనుషులు, రెండు భాషలు. బెంచీల నిండా ఉన్న ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి వింటున్నారు. మావుసి "తాపరె?" అంటోంది. తెర మీది ఇంగ్లీషును పట్టించుకున్న ఆడమనిషే లేదు.

అప్పుడర్థమైంది. అందుకే పటికబెల్లం, లవంగాలు. అందుకే గొంతు బొంగురు. వంటింట్లో మాటలు సినిమాకు సాధన. నాకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇంతలో దొర ఆ పిల్ల కాళ్ళ వంక చూశాడు. "నీ సెప్పులకి ఎర్రమట్టి ఎలాగొచ్చింది?" అంది మా ఆవిడ. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. నాకు మనసులో కాస్త చివుక్కుమంది. కానీ ఆ దేశంలోనూ ఎర్రమట్టి ఉండకూడదని ఏముంది అనుకున్నాను. అంతే కాదు, లోలోపల గర్వం కూడా కలిగింది. అంత పెద్ద దొర కూడా అచ్చం నాలాగే అడుగుతున్నాడంటే మొగుడన్నవాడు అలాగే అడగాలి కాబోలు.

ఇంటర్వెల్ తర్వాత కొంతసేపటికి, ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి దొరతో ఏదో అంది. "మీరు అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాను," అంది మా ఆవిడ. ఇంగువ డబ్బా కింద కాగితంలోని మాటలు, అక్షరం పొల్లుపోకుండా. గోడ అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. నేను మాత్రం పెద్ద నిట్టూర్పు విడిచాను. అది ఉత్తరం కాదు, సినిమా మాట. నా పెళ్ళాం ఎక్కడికీ పోవడం లేదు. ఆవిడ కంటే ముందు ఇల్లు చేరాలని, బొమ్మ అవకముందే బయటపడి, దారిలో జిలేబీ కొనుక్కుని మరీ వెళ్ళాను. ఆవేళ ఆవిణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆవిడే నావంక అనుమానంగా చూసింది.

నా బుద్ధి అక్కడితో ఊరుకుంటే నాకు ఏమీ తెలిసేది కాదు. మా పైవాటాలో కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లెక్చరరు ఉండేవాడు. అతనూ ఆ సినిమా రెండుసార్లు చూశాడు. మర్నాడు పొద్దున్న మెట్ల దగ్గర కనబడితే, ఏదో నాకూ తెలిసినట్టు, "ఆ దొర మరీ అంత అనుమానపు మనిషి కాకపోతే బావుండేదండీ" అన్నాను.

అతను నావంక వింతగా చూశాడు. "అనుమానమా? అతనికి కళ్ళు పోతున్నాయండీ. డాక్టరు చెప్పేశాడు. భార్యకు తెలిస్తే బాధపడుతుందని దాస్తున్నాడు. అందుకే ఆ ముభావం."

"మరి అస్తమానం ఆవిడకేసి అలా గుచ్చి గుచ్చి చూస్తాడు కదా?"

"చూపు పోయేలోగా ఆవిడ మొహం మనసులో పెట్టుకోవాలని. నవలంతా అదేనండీ."

"ఆ ప్రశ్నలు?"

"ప్రశ్నలెక్కడివి? ఆవిడ చేత కబుర్లు చెప్పించుకుంటాడు, గొంతు వినడానికి."

"కిటికీ దగ్గర ఆవిడేదో అంటుందే, జవాబులు మిగల్లేదని?"

"చలిగా ఉంది, కిటికీ మూయమంటారా అంటుంది," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆవేళ ఆఫీసులో ఏం రాశానో, ఏం కొట్టేశానో నాకు తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. నిన్న హాలుకు వెళ్ళానని చెప్పాను. గోడ పక్కన కూర్చుని విన్నానని చెప్పాను. ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

"సినిమాలో ఆ మాటలేవీ లేవంట," అన్నాను.

"ఉండవు. నాను ఇంగిలీషు సదివినానేటండి? సీరియల్ ఆగిపోయిన కాడ్నించి అంతా నాను సెప్పిందే. మొదటి వారం వాళ్ళడిగితే ఏదో సెప్పినాను. మరి ఆపనివ్వలేదు."

"ఆ దొరకి అనుమానమని ఎలాగనుకున్నావు? పాపం, అతనికి కళ్ళు పోతన్నాయంట."

ఆవిడ తలెత్తింది. ఆ సంగతి ఆవిడకు నిజంగా కొత్త. "అయ్యో," అంది. ఆ దొర కోసం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో వాటిని ఒత్తుకుని అంది: "నాకేటి తెలుసండి? ఆ సూపు సూసినాను. అలాటి సూపు నాలుగేళ్ళయి రోజూ సూస్తన్నాను. అనుమానం తప్ప ఇంకోటి ఉంటాదని నాకు తోచలేదు."

నాకు తలకొట్టేసినట్టయింది. లోకంలో ఒక మగవాడు పెళ్ళాం మొహాన్ని మరచిపోకూడదని చూస్తుంటే, నాతో కాపురం చేసిన మనిషికి అది ప్రేమ అని తట్టలేదు. తట్టే దారి నేను ఉంచలేదు.

"ఆఖర్న ఆ పిల్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడతాదని మా ఆఫీసులో సూసినోళ్ళు సెప్పినారు. అక్కడేటి సెప్తావు?"

"వారానికోలాగ సెప్తాను. ఒక వారం ఉండిపోతాది, ఒక వారం ఎల్లిపోతాది. ఆ వారం ఇంట్లో ఎలాగ గడిస్తే అలాగ."

"మరి నిన్న?"

"ఎల్లిపోనాదని సెప్పినాను. ఆడోళ్ళందరూ సప్పట్లు కొట్టినారు."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. కూరలో ఉప్పు ఎంత వేసిందో చెప్పినట్టు చెప్పింది. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. నాకు చాలా భయం వేసింది. మా వీధిలో నాకు రోజూ మంచినీళ్ళిచ్చి, బాబూ అని పలకరించే ఆడవాళ్ళందరూ నా భార్య నన్ను వదిలి వెళ్ళిపోతే చప్పట్లు కొట్టారు. వాళ్ళకు తెలిసే కొట్టారా, తెలియక కొట్టారా అని మామూలుగా అయితే ఆరా తీసేవాణ్ణి. ఆవేళ తీయలేదు.

మర్నాడు హాలు ముందు కొత్త పోస్టరు కనిపించింది. వచ్చే ఆదివారం ఇంకో సినిమా అట. అంటే మా ఆవిడ కథ ఆ పిల్ల వెళ్ళిపోవడంతోనే ముగిసిపోతుంది. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆ దొర బొమ్మ ఇంకొక్క ఆదివారం ఉంచమని బతిమాలాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీకేటి బాబూ లాభం? బొమ్మ తెచ్చినోడు మీకు సుట్టమా?"

"కాదు."

"మరెందుకు? ఇందులో ఏదో ఉన్నాది." నా పేరు, ఆఫీసు, ఇల్లు అన్నీ అడిగాడు. చెప్పినవేవీ నమ్మినట్టు లేడు. అలా కూర్చోబెట్టి అడిగితే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. చివరికి, లేడీస్ క్లాసు ఎలాగూ నిండుతోంది కదా అని ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి శనివారం దాకా నేను ఆవిణ్ణి ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడం నాకు ఎంత కష్టమో రాస్తే ఎవరూ నమ్మరు. నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను మంచినీళ్ళతో మింగేవాణ్ణి. బుధవారం ఆవిడ గంట ఆలస్యంగా ఇంటికొచ్చింది. "ఆకలేస్తన్నాదేటి, వడ్డించనా?" అని నేనే కంచం తీశాను. ఆవిడ నన్ను ఒకసారి చూసి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆదివారం ఆవిడ సినిమాకు వెళ్ళింది. నేను వెనకాల వెళ్ళలేదు. వసారాలో కూర్చుని వీధి మలుపు చూస్తూ గడిపాను. మధ్యాహ్నం దాటాక ఆడవాళ్ళ గుంపు వచ్చింది. ఎవరి ఇళ్ళకు వాళ్ళు చీలిపోయారు. మా ఆవిడ లోపలికొచ్చి, చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని, పొయ్యి వెలిగించింది.

భోజనానికి కూర్చున్నాక, తల వంచుకుని, ఎంతో మెల్లిగా అడిగాను.

"ఇవాళ ఏటి సెప్పావు?"

"ఎల్తాదా ఉంటాదా అని అందరూ అడిగినారు," అంది, నా కంచంలో అన్నం పెడుతూ. "ఆ పిల్ల ఇంకా తేల్సుకోలేదని సెప్పినాను."